ఏడుపుకు ముహూర్తం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. రెండూ మూడు నెలల్లోనే చూడమని వాళ్ళు కూడా అనలేదు. మా వాళ్ళు చూశారు. మాఘంలో సూరత్‌లోని డిండోలిలో పెద్దన్న కొన్న ఫ్లాటుకు గృహప్రవేశం, ఫాల్గుణంలో చిన్నన్న మనవరాలిని ఉయ్యాలలో వేసే తొట్టెల, ఉగాది వెళ్ళగానే తమ్ముడి బిడ్డకు ఓణీల ఫంక్షను, చైత్రం ముగిసేలోపు అక్క కూతురి పెళ్ళి. ఇవి చాలవన్నట్టు పిల్లల పోరు పడలేక డుమస్ సముద్రానికి ఒకసారి, అమ్మ మొక్కుకుందని ఊనాయి వేడినీళ్ళ గుండానికి ఒకసారి. ఆ రోజుల్లో పట్టుచీరను బీరువాలో పెట్టడమే మానేశాను. తలుపు వెనక కొక్కేనికి తగిలించి ఉండేది. మా ఆయన దాన్ని చూసి, "గిది గూడ మీ బడి యూనిఫారమేనా ఏంది?" అన్నాడు.

సూరత్‌లో మా కుటుంబం చాలా పెద్దది. మా నాన్న తెలుగు దిక్కు నుంచి సాంచెల మీద పని కోసం వచ్చి గోడాదరాలో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. సాంచెలంటే కరెంటు మగ్గాలు. ఆ ఒక్క గదిలోంచి మేం ఐదుగురం పుట్టుకొచ్చాం, ముగ్గురు అన్నదమ్ములు, అక్క, నేను. ఇప్పుడు పిల్లలు, కోడళ్ళు, అల్లుళ్ళు కలిసి కూర్చుంటే చిన్న హాలు సరిపోదు. నాన్న లేడు. అమ్మ ఉంది. నేను కార్పొరేషన్ తెలుగు బడిలో పంతులమ్మను. నాకు నోరు కాస్త ఎక్కువ. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అమ్మ నాకు చెప్పినన్ని సార్లు ఇంకెవరికీ చెప్పి ఉండదు.

ఆ మూడు నెలలూ మా ఇంట్లో ఎక్కడ పీట వాల్చినా, ఎక్కడ బొట్టు పెట్టినా, ఒకటే ప్రశ్న వచ్చి మా మధ్య కూర్చునేది. మా బావ, అంటే అక్క భర్త, ఉన్నాడా, పోయాడా?

లాక్‌డౌన్ పెట్టిన ఎండాకాలంలో సాంచెలు ఆగిపోయాయి. అదే సమయానికి సొంతూళ్ళో బావ తల్లికి ప్రాణం మీదికి వచ్చిందని ఫోను వచ్చింది. రైళ్ళు లేవు, బస్సులు లేవు. మన దిక్కు వాళ్ళు కొందరు రెండు లారీలు మాట్లాడుకొని బయలుదేరుతుంటే బావ కూడా ఎక్కాడు. మహారాష్ట్రలో ఎక్కడో రోడ్డు పక్కన నీళ్ళ కోసం లారీలు ఆగాయి. అందరూ దిగారు, అందరూ ఎక్కారు. ముందు లారీ వాళ్ళు బావ వెనక లారీలో ఉన్నాడనుకున్నారు. వెనక లారీ వాళ్ళు ముందు లారీలో ఉన్నాడనుకున్నారు. చాలా దూరం పోయాక మళ్ళీ ఆగి చూసుకుంటే ఏ లారీలోనూ లేడు. ఫోను స్విచ్చాఫ్. వెనక్కి వెళ్ళడానికి పోలీసులు ఒప్పుకోలేదట. దారులు తెరిచాక మా అన్నలు ఆయన ఫొటో పట్టుకొని ఆ రోడ్డు పొడుగునా తిరిగారు. ఆసుపత్రులు చూశారు, పోలీసు ఠాణాలు చూశారు, ధాబాల్లో అడిగారు. మనిషి దొరకలేదు, శవం దొరకలేదు, ఒక్క మాట కూడా దొరకలేదు. ఆయన తల్లి కొడుకు కోసం చూసి చూసి పోయింది.

అన్నలు ఉత్త చేతులతో తిరిగొచ్చిన రోజే అమ్మ తన చీరలు మూట కట్టుకొని అక్క ఇంటికి మారింది. మాకందరికీ ఒక ఆజ్ఞ ఇచ్చింది. అల్లుడు పనికి పోయిండు, వస్తడు, ఇంట్లో ఎవరూ ఏడ్వకూడదు. ఆ రోజు నుంచి అక్క కంట తడి కనిపిస్తే చాలు, "ఎందుకేడుస్తున్నవ్? ఏమైందని ఏడుస్తున్నవ్?" అని గద్దించేది. పొద్దున లేవగానే అక్క బొట్టు చూసేది, గాజులు చూసేది, మెట్టెలు చూసేది. అన్నీ ఉన్నాయని తేలితేనే చాయ్ తాగేది.

మొదట్లో నాకు అది ప్రేమ అనిపించింది. ప్రేమే, కాదనను. కానీ ప్రేమ ఎక్కువైన చోట మనిషికి ఊపిరి ఆడదని ఆ మూడు నెలల్లో తెలిసింది.

గృహప్రవేశం నాడు పాలు పొంగించడం అయింది. అన్న వదినలు పూజలోంచి లేచారు. తర్వాత ఒడిబియ్యం. మా దిక్కున అన్నదమ్ములు ఇల్లు కట్టుకుంటే ఆడబిడ్డలను పిలిచి ఒళ్ళో బియ్యం పోయకుండా పంపరు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, పసుపు కొమ్ములు, రవికె గుడ్డ. భర్త ఉన్న ఆడబిడ్డకే పోస్తారు. వంటింట్లో పెద్ద వదిన తాంబాలంలో బియ్యం కలుపుతూ నన్ను చెయ్యి పట్టి లోపలికి లాగింది.

"నువ్వే జర ఏదన్న చెప్పు. మీ అక్కకు పొయ్యాల్నా, వద్దా? కొత్తిల్లాయె. పోసినంక రేపు ఏమన్న తెలిస్తే ఎట్ల? పొయ్యకపోతే మీ అమ్మ నన్ను బతకనిస్తదా?"

"నన్నెందుకడుగుతున్నవ్ వదినా? అక్కనడుగు," అన్నాను.

వదిన నన్ను తిక్కదాన్ని చూసినట్టు చూసింది. అక్కను అడగవచ్చని అప్పటిదాకా మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. అంతలో అమ్మ గుమ్మంలోకి వచ్చి, "ముందుగాల పెద్దబిడ్డకు పొయ్యిన్రి, తర్వాత చిన్నదానికి," అని చెప్పి పోయింది. ఇక మాట్లాడేదేముంది?

అక్క పీట మీద కూర్చుని కొంగు పట్టింది. అమ్మ ఆమె నుదుటి మీద ఉన్న బొట్టు చాలదన్నట్టు ఇంకో బొట్టు పెద్దగా దిద్దింది. వదిన దోసిళ్ళతో బియ్యం పోస్తుంటే అక్క సూది వేయించుకునే పిల్లలా ముఖం పక్కకు తిప్పుకుంది. మామూలుగా ఒడిబియ్యం పోసేటప్పుడు ఎంత నవ్వుతారు, ఎన్ని వేళాకోళాలు! "నా ఒడి ఇంకా నిండలే, మా అన్న పిసినారి" అని నేనే ప్రతిసారీ అంటాను. ఆ రోజు నా వంతు వచ్చేసరికి కొంగు పట్టి, బియ్యం పడగానే లేచిపోయాను. ఎదురు ఫ్లాటు గుజరాతీ ఆవిడ ఈ తంతంతా చూసి, చాలా బాగుంది, మా అమ్మాయికి కూడా చెయ్యాలి అంది హిందీలో. ఏడుపు ముఖాలకు అర్థాలు తెలియకపోవడం కూడా ఒక్కోసారి అదృష్టమే.

అసలు తప్పు తర్వాతి ఆదివారం జరిగింది. ఒడిబియ్యం తెచ్చుకున్న ఆడబిడ్డ వాటిని వండి, భర్తకూ పుట్టింటి వాళ్ళకూ వడ్డించాలి. అక్క వండింది. మేమందరం వెళ్ళి ఆమె ముందు గదిలో వరసగా కూర్చున్నాం. విస్తళ్ళు వేస్తుంటే అమ్మ ఇంకో విస్తరి తెచ్చి, అందరికంటే ముందు, గోడ వారగా వేసింది.

"గిది అల్లునికి. ముందుగాల వాని విస్తరిల వడ్డించు బిడ్డా," అంది.

అక్క గరిటె పట్టుకొని అలాగే నిలబడింది. పెద్దన్న తల దించుకున్నాడు. మనిషి లేని విస్తరి ముందు వేసి, అందులో అన్నం పెట్టి, ఎవరూ ముట్టకుండా ఉంచడం మాలో ఎప్పుడు చేస్తారో అక్కడ తెలియనిదెవరికి? పెత్రమాసకు పోయిన పెద్దల పేరు మీద అలాగే పెడతాం. నాన్నకు అలాగే పెడతాం. అల్లుడు బతికే ఉన్నాడని లోకానికి చాటాలనుకున్న అమ్మ, తన చేతులతోనే చనిపోయినవాళ్ళకు వేసే విస్తరి వేసింది. వేసిన క్షణానికే ఆమెకు కూడా తెలిసిపోయింది.  గబుక్కున తమ్ముణ్ణి భుజం పట్టి లేపి ఆ విస్తరి ముందుకు తోసింది.

"నువ్వు కూసో. నువ్వు తినురా. వాడు వచ్చేదాక నువ్వు తిను."

తమ్ముడు తిన్నాడు. మెతుకు మిగలకుండా మొత్తం తిన్నాడు. మేం కూడా తిన్నాం. 

ఆ నెలలోనే అక్క కూతురికి సంబంధం కుదిరింది. పిల్ల టెక్స్‌టైల్ మార్కెట్‌లో ఒక దుకాణంలో లెక్కలు చూస్తుంది. పిల్లవాడు చీరల మీద కంప్యూటర్ ఎంబ్రాయిడరీ డిజైన్లు వేస్తాడు. ఒకళ్ళనొకళ్ళు వాళ్ళే చూసుకున్నారు, తర్వాత మాకు చూపించారు. మనవాళ్ళే, గోడాదరాలోనే ఉంటారు, వాళ్ళదీ సాంచెల బతుకే. పిల్లవాడి తల్లి భర్త పోయాక ఇల్లు నడిపిన మనిషి. గట్టి మనిషని పేరు. నవ్వడం తక్కువ. మాట ఖాయం చేసుకోవడానికి వచ్చిన రోజు ఆమె చాయ్ కప్పు చేతిలో పట్టుకొని అక్క వైపు తిరిగింది.

"వదినె, ఒక్క మాట అడుగుత, తప్పు పట్టుకోకు. మీ ఇంటాయన ఉన్నడా, లేడా? ఉన్నడంటే కార్డుల పేరు ముందల శ్రీ అని రాయిస్తం. లేడంటే చెయ్యాల్సింది చెయ్యిన్రి, ఏడాది ఆగి లగ్గం పెట్టుకుందం. నేను తొందర పెడ్తలేను. పోయినోని కోసం ఏడ్వని ఇంట్ల నుంచి పిల్లను తెచ్చుకోవాల్నంటే నాకు భయమైతది."

అక్క నోరు తెరిచింది. ఆమె ఏం చెప్పబోయిందో మాకు తెలియదు, ఎందుకంటే అమ్మ ముందే అందుకుంది.

"మా అల్లుడు ఉన్నడు. పనికి పోయిండు."

"యాడికి పోయిండు పెద్దమ్మా?"

"దూరం."

ఆమె చాయ్ తాగకుండానే కప్పు కింద పెట్టి లేచింది. సంబంధం తప్పిపోయినట్టే అనుకున్నాం. అక్క కూతురు ఆ వారమంతా ముఖం వేలాడేసుకొని తిరిగింది. కానీ కొడుకు పట్టుబట్టాడు. చివరికి ఆమె సరేనంది, ముహూర్తం పెట్టించమంది. కబురు తెచ్చిన మనిషి ఇంకో మాట కూడా మోసుకొచ్చాడు. ఆమెకు శకునాల పట్టింపు ఎక్కువట, జాగ్రత్తగా ఉండమన్నాడు. ఆ మాట ఆమె అందో, ఇతనే కల్పించాడో తెలియదు. మా అమ్మకు అది చాలు. అందరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"లగ్గం అయ్యేదాక ఎవ్వల కంట్ల నీళ్ళు కనిపియ్యొద్దు. ఒక్క బొట్టు రాలిందంటే పిల్ల బతుకు ఆగమైతది."

ఆ మాటలు అందరికీ చెప్పింది కానీ చూపు మాత్రం అక్క మీదే ఉంది. బిడ్డ బతుకు అడ్డం పెట్టాక ఏ తల్లి ఏం మాట్లాడుతుంది?

తొట్టెల ఫంక్షను మర్నాడు అందరం డుమస్ వెళ్ళాం. సెలవు రోజు, జనం విపరీతం. పిల్లలు నల్ల ఇసుకలో ఒంటెల వెంట పరుగెడుతున్నారు. మగవాళ్ళు టమాటా భజియాల బండి దగ్గర గుంపు కట్టారు. అమ్మ చాప మీద పడుకొని కునుకు తీస్తోంది. అక్క నా చెయ్యి పట్టుకొని, "చెల్లె, జర అట్ల నడుద్దాం దా," అంది. ఆటు వేళ, నీళ్ళు చాలా దూరంలో ఉన్నాయి. జనం పలచబడేదాకా నడిచాం.

"నాకు ఒక్కసారి ఏడ్వాల్నని ఉన్నదే," అంది అక్క.

ఎలా చెప్పిందంటే, చలి కాలంలో కాస్త వేడినీళ్ళు కావాలని అడిగినట్టు చెప్పింది. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. "ఏడువు. గిప్పుడే ఏడువు. నేనున్న కద," అన్నాను.

"గిట్ల కాదే. దొంగతనంగ ఏడ్సుడు శానసార్లు అయింది. ఒకపారి ఆయన చేసిన కార్ఖానా కాడికి పోయిన. సాంచెల చప్పుడుకు ఎవ్వలికి వినబడదని గోడ పక్కన నిలబడి ఏడ్సిన. మాస్టర్ బయటికొచ్చి, క్యా హువా బహెన్ అన్నడు. కంట్ల దూది పడ్డదని చెప్పి వచ్చిన. గట్ల కాదు. మంచిగ ఏడ్వాలె. పదిమందిల కూసొని, ఆయన పేరు చెప్పి ఏడ్వాలె. మన నాయిన పోయినప్పుడు అమ్మ ఏడ్వలేదా? వాడకట్టు మొత్తం వచ్చి పక్కన కూసోలేదా? మా ఆయనకు ఒక్క మనిషి ఏడ్వలే. కుక్క పోయినా పాపం అంటరు."

"మరి బావ వస్తడని నీకు..." అని ఆగిపోయాను.

"వస్తే కాళ్ళు కడిగి లోపటికి తీస్కుంట. నేనెందుకు వద్దంట? కని వచ్చేటోడైతే బిడ్డను విడిచి ఇన్నేండ్లు ఉంటడా? నాకు తెల్వదా ఆయన సంగతి?"

ఆమెకు తెలుసు. బిడ్డ చిన్నప్పుడు రాత్రి పాళీ పని దిగి వచ్చి కూడా, నిద్రపోకుండా, బడికి దించి వచ్చిన మనిషి. అలాంటి మనిషి బతికుండి రాకపోవడమంటూ ఉండదు. అక్క గాజులు సవరించుకుంటూ ఇంకో మాట అంది. ఫంక్షన్లలో ముందు వరసలో కూర్చోబెట్టి అందరికంటే ముందు తనకు బొట్టు పెడుతుంటే, అందరూ తన నుదురు చూస్తున్నట్టు ఉంటుందట. ఆ బొట్టు ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి, నాకు కావలసింది అది కాదు అంది. దూరం నుంచి అమ్మ లేచి మమ్మల్ని వెతుకుతూ చెయ్యి అడ్డం పెట్టుకొని చూడటం కనిపించింది. అక్క కొంగుతో ముఖం తుడుచుకొని వెనక్కి తిరిగింది.

నేను ఊరుకునే రకం కాదు. ఓణీల ఫంక్షను అయిన వారానికి ఊనాయి వెళ్ళినప్పుడు సమయం దొరికింది. అమ్మ వేడినీళ్ళ గుండం మెట్ల మీద కూర్చొని కాళ్ళు నీళ్ళలో పెట్టుకుంది. అల్లుడి పేరు మీద మొక్కు చెల్లించిన తృప్తి ముఖంలో ఉంది. నేను పక్కన కూర్చొని, బడిలో మొండి పిల్లలకు చెప్పినట్టు మొదలుపెట్టాను. అక్కను అడిగావా ఎప్పుడైనా? దానికి ఏం కావాలో తెలుసా? నువ్వు దాని బొట్టుకు కాపలా కాస్తున్నావు గానీ, దానికి కాదు. ఇంకా చాలా అన్నాను. అమ్మ అంతా విన్నది. నీళ్ళలోంచి కాళ్ళు తీయలేదు.

"ఏడిస్తే పోయినోడే అయితడు," అంది చివరికి.

"పోయిండో లేదో నీకు తెల్వదా అమ్మా?"

"నేనేం పిచ్చిదాన్నా?" అమ్మ నా వైపు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "లారీలు ఊరికి ముట్టిన నాడే నాకు ఎరికైంది. వాడు రాడు. మీ నాయిన పోయినప్పుడు నా చేతులు పట్టుకొని గాజులు పలగ్గొట్టిన్రు. మెట్టెలు గుంజిన్రు. నువ్వు చిన్నదానివి, నిన్ను పక్కింట్ల కూసోబెట్టిన్రు. నువ్వు సూడలే. నా బిడ్డ చేతులు గట్ల పట్టుకునుడు నేను సూడలేను. నేను పోయినంక మీ ఇష్టమున్నట్టు చెయ్యిన్రి."

  అమ్మ కాళ్ళు తుడుచుకొని, చెప్పులేసుకొని, ప్రసాదం పంచడానికి వెళ్ళిపోయింది. నేను వేడినీళ్ళ వైపు చూస్తూ అక్కడే ఉండిపోయాను. ఇద్దరిలో ఎవరి పక్షం ఉండాలో నాకు తెలియలేదు. అంతవరకూ అమ్మది మొండితనం అనుకున్నాను. అది భయం. భయాన్ని వాదించి గెలవడం నాకు చేతకాలేదు.

పెళ్ళి గోడాదరాలోనే, మా వీధికి దగ్గరి హాల్లో. పొద్దుటి ముహూర్తం. కన్యాదానానికి పెద్దన్న, పెద్ద వదిన పీటల మీద కూర్చున్నారు. పిల్లవాడి కాళ్ళు కడుగుతూ పెద్దన్న ఒకసారి తలెత్తి అక్క కోసం చూశాడు. అక్క స్తంభం పక్కన నిలబడి ఉంది. అమ్మ ఆమెను ముందు వరసకు లాక్కొచ్చి కూర్చోబెట్టింది. అక్కకు మంచి చీర కట్టారు, పూలు పెట్టారు. తాళి కట్టేటప్పుడు అక్షింతలు వేసింది. వచ్చినవాళ్ళకు నవ్వుతూ దండాలు పెట్టింది. ఫొటోలు తీయించుకుంది. మధ్యాహ్నం దాకా అన్నీ సవ్యంగా జరిగాయి. వియ్యపురాలు ఎక్కడా వంక పెట్టలేదు, పప్పు బాగుందని కూడా అంది. గండం గడిచిందనుకున్నాం.

అప్పగింతలు హాలు గేటు దగ్గర పెట్టుకున్నారు. పూలు కట్టిన కారు ఇంజను ఆన్‌లోనే ఉంది. పళ్ళెంలో పాలు పోసి పెట్టారు. పిల్ల చేతులు అందులో ముంచి అత్తింటి వాళ్ళ చేతుల్లో పెట్టాలి. అప్పగింతల్లో ఆడవాళ్ళు ఏడుస్తారు, అది మర్యాదే. కానీ అమ్మ ఆజ్ఞ వల్ల మా వాళ్ళందరూ పళ్ళు బిగించుకొని నిలబడి ఉన్నారు. పెళ్ళికూతురు కూడా నేల చూపులు చూస్తోంది. పంతులుగారు ఊరి నుంచి వచ్చిన మనిషి, కొత్తవాడు. మా ఇంటి సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు, కన్యాదానం చేసిన పెద్దన్నే తండ్రి అనుకున్నాడు. అలవాటు ప్రకారం గట్టిగా పిలిచాడు.

"పిల్ల తండ్రి ఎక్కడ? ముందుకు రావాలె. తండ్రి చేతుల మీదుగ జరగాలె."

 పెద్దన్న గొంతు సవరించుకొని ఒక అడుగు వేశాడు. ఆయన కంటే ముందు అక్క వెళ్ళింది. బిడ్డ రెండు చేతులూ పట్టుకొని పాలలో ముంచింది. అప్పగింత మాటలు చెబుతుందనుకున్నాం. నోరు తెరిచింది.

"ఓ నా రాజా... బిడ్డను అప్పజెప్ప రమ్మంటున్నరో... నువ్వు యాడున్నవయ్యో..."

అది అప్పగింతల ఏడుపు కాదు. చావు ఇంట్లో ఏడ్చే ఏడుపు. ఆ రాగం తెలియని ఆడవాళ్ళు మాలో లేరు.  అక్క మోకాళ్ళ మీద కూలబడింది. పాల పళ్ళెం ఒలికి కాళ్ళ కింద పారింది.

"నీళ్ళు తాగొస్తనని దిగితివో... గొంతు తడిసెనో తడవలేదో... నాకు గూడ చెప్పకపోతివయ్యో..."

 ఇన్నేళ్ళుగా ఆమె లోపల తిరుగుతున్న ప్రశ్న అదన్నమాట. ఎక్కడ చచ్చిపోయాడని కాదు, ఎలా చచ్చిపోయాడని కాదు. దప్పిక తీరిందా లేదా అని.

అమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. కొంగు చేతికి చుట్టుకొని అక్క నోరు మూయబోయింది. ఆ చెయ్యి అక్క నోటి దాకా వెళ్ళింది, అక్క పెదాలను తాకింది కూడా. అక్కడ ఆగింది. తర్వాత పైకి వెళ్ళి అక్క తల మీద నిలిచింది. అమ్మ అక్క పక్కన కూర్చుంది, మోకాళ్ళ నొప్పులతో కింద కూర్చోవడం మానేసిన మనిషి. అక్క తలను తన భుజానికి ఆనించుకొని, అదే రాగంలో అందుకుంది.

"ఓ నా కొడుకా... ఓ నా అల్లుడా... ఎండల పోతివి కొడుకా... నిన్ను తెచ్చుకోలేకపోతిమి..."

పాలలో తడిసిన చేతులతోనే పెళ్ళికూతురు తల్లి ముందు కూలబడింది. తలంబ్రాల బియ్యం జుట్టులోంచి రాలుతున్నాయి. తల్లి ఒళ్ళో ముఖం పెట్టి "బాపూ" అంది. ఆయన పోయినప్పటి నుంచి, తండ్రిని పిలిచే ఆ మాట ఆ పిల్ల నోట నేను వినలేదు. మా వదినలు కూర్చున్నారు, నేను కూర్చున్నాను, వీధిలోంచి చూస్తున్న సాంచెల వాళ్ళ ఆడవాళ్ళు, మాకు ముఖం కూడా తెలియనివాళ్ళు, చెప్పులు విడిచి వచ్చి కూర్చున్నారు. వీడియో తీసేవాడు కెమెరా దించేశాడు. పెద్దన్న గేటుకు తల ఆనించి నిలబడ్డాడు.

అప్పుడు గుర్తొచ్చింది వియ్యపురాలు. నేను తలెత్తి చూశాను. మా వాళ్ళందరూ ఒక్కొక్కరే అటే చూస్తున్నారు. ఆమె కారు పక్కన నిలబడి ఉంది. ముఖంలో ఏముందో తెలియడం లేదు. పంతులుగారు ఆమె దగ్గరికి వెళ్ళి, వాచీ చూపిస్తూ మెల్లగా అన్నాడు.

"రాహుకాలం వస్తున్నదమ్మా. పిల్లను తీస్కొని బయలుదేరుతే మంచిది."

 ఆమె కారు అద్దం మీద తట్టి, "గాడీ బంద్ కరో భయ్యా," అని డ్రైవరుతో అంది. ఇంజను ఆగింది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకొని, ఒలికిన పాలు తొక్కకుండా చూసుకుంటూ వచ్చి, అక్కకు ఎదురుగా నేల మీద కూర్చుంది. రెండు చేతులూ చాచి అక్కను పట్టుకుంది.

"ఏడువు వదినె. రాహుకాలం వస్తే రానియ్యి," అంది. "ఆయన పేరేందో చెప్పు. నేను గూడ ఏడుస్త."

అక్క చెప్పింది.